తగ్గింపు బాబాయ్

ఆ హాలు ఒకప్పుడు టైర్ల గోదాము. ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడలకి పట్టిన రబ్బరు వాసన వదల్లేదు. ఊళ్లో అరుపులూ గిటార్లూ కలిసే పంక్ పాటల పిచ్చి ఉన్నవాళ్లందరినీ పోగేసినా రెండు బస్సులు నిండవు గానీ, శనివారం సాయంత్రం వాళ్లు చేసే గోల మాత్రం ఊరంతటికీ సరిపోతుంది. ఆ గోలలో సగం ఎక్కణ్ణించి వస్తోందా అని వెతికితే, వేదిక మీద అందరికన్నా వెనక, డ్రమ్ముల మధ్య, ఒక బక్కపల్చని అమ్మాయి కనిపిస్తుంది. కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఉంది, అది ఎవరికీ అవసరం పడలేదు. అందరూ ఆమెని దరువు అంటారు. వాళ్లమ్మ కూడా పొద్దున్నే "దరువూ, లేవవే" అనే లేపుతుంది.

డ్రమ్ముల వెనక కూర్చున్న మనిషికి కనిపించేది తక్కువ. ముందు నిలబడి పాడే ఆమె తమ్ముడి వీపు, పక్కన గిటారు వాయించే కుర్రాడి మోచెయ్యి, ఆ రెంటి సందులోంచి హాలు చివర ఒక బల్ల, బల్ల మీద మైకుల చప్పుడు పెంచీ తగ్గించే మిక్సర్, దాని వెనక అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి. జనమంతా వేదిక వైపు తిరిగి గెంతుతుంటారు కాబట్టి, బాబాయ్ మొహం చూసేది హాలు మొత్తానికీ దరువు ఒక్కతే.

బాబాయ్ అసలు పని ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేయడం. శనివారాలు మాత్రం హాల్లో మైకులు ఆయనవే, తీగలు ఆయనవే. హాలు యజమాని తాళంచెవి ఇచ్చింది కూడా ఆయన్ని నమ్మే. గుమ్మం దగ్గర గాజు గిన్నెలో చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు పోసి ఉంచుతాడు. కుర్రకారు వాటిని చెవుల్లో పెట్టుకోరు, ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. దరువు మాత్రం మొదటి రోజు నుంచీ పెట్టుకుంటోంది. బుద్ధి కలిగి కాదు, కొత్తలో బాబాయ్ వాటిని ఆమె చేతిలో కుక్కి, పెట్టుకోకపోతే డ్రమ్ములకి మైకు ఇవ్వనని బెదిరించాడు. ఆ భయం పోయింది, అలవాటు మిగిలింది.

ఏ బృందం వేదికెక్కినా ఆయన నోట ఒకటే మాట, కాస్త తగ్గించండి నాయనా అని. పాట మొదలయ్యాక మాట వినపడదు కనక అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించుతాడు. దరువుకి ఆ చెయ్యి ప్రతి శనివారం కనిపించేది. కనిపించిన ప్రతిసారీ నవ్వుకుని ఇంకాస్త గట్టిగా బాదేది.

దరువు వాళ్ల బృందం ఈ మధ్యే ఒక ఆల్బమ్ వేసింది. పేరు 'మా హాల్లో మహానుభావులు'. లోకం మీద కోపంతో పాటలు కట్టడం పంక్‌లో అందరూ చేసే పనే. వీళ్లు ఆ కోపాన్ని పట్టుకొచ్చి తమ హాలు మీదే కుమ్మరించారు, అదీ నవ్వుతూ. పాటకొకరు బలి. చిరుగుల జాకెట్ తొడుక్కుని, ఆ చిరుగులు నలిగిపోకుండా వారం వారం ఇస్త్రీ చేయించుకునే తమ గిటారు కుర్రాడి మీద ఒక పాట. ఆ పాట దెబ్బకి వాడి పేరే ఇస్త్రీ అయిపోయింది. ఇదివరకటి బృందాలే బృందాలని మూలుగుతూ ఒక్క శనివారం కూడా మానని లావుపాటి పోస్ట్‌మాన్ మీద ఇంకొకటి. ప్రభుత్వాన్ని కూలుస్తానని వేదిక మీద అరిచి, పొద్దుపోతే అమ్మ తిడుతుందని ఇంటికి పరుగెత్తే తన మీద తమ్ముడు తనే రాసుకున్నది మరొకటి. రాగాలు మాత్రం తియ్యగా, ఒక్కసారి వింటే నాలుకకి అంటుకుపోయేలా ఉంటాయి. పాప్ పంక్ అంటే అంతే కదా, తియ్యటి రాగం, పరుగెత్తే దరువు, మధ్యలో చురక.

పాట తమ మీద పడినవాళ్లు మొదట మూతి ముడుచుకున్నారు, ఆనక మురిసిపోయారు. పాట లేనివాళ్లు మామీదెప్పుడని అడగడం మొదలుపెట్టారు. హాల్లో ఒక ఆచారం కూడా పుట్టింది. ఎవరి పాట వస్తే వాళ్లని జనం ఎత్తి, తలల మీదుగా హాలంతా తిప్పి, జాగ్రత్తగా దించుతారు. పోస్ట్‌మాన్‌ని ఎత్తిన రోజు ఇద్దరికి నడుం పట్టేసింది. దించాక ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

అన్నిట్లోకీ పేరు మోసిన పాట 'తగ్గింపు బాబాయ్'. "అదిగో బాబాయ్, అరచెయ్యి బాబాయ్, ఏమంటున్నాడ్రా బాబాయ్?" అని తమ్ముడు అడగడం, "తగ్గించు!" అని హాలంతా పైకప్పు లేచిపోయేలా అరవడం. ఆ ఆల్బమ్‌కి గొంతులూ వాయిద్యాలూ కలిపి మిక్సింగ్ చేసింది కూడా బాబాయే. ఈ పాటని ఇంట్లో కూర్చుని ఎన్ని సార్లు తిప్పి తిప్పి విన్నాడో ఆయనకే తెలియాలి. ఒక్క మాట అనలేదు. అనకపోతే నచ్చినట్టే అని వీళ్లు సరిపెట్టుకున్నారు.

కాకపోతే బాబాయ్‌ని ఎత్తడానికి వీల్లేదు, ఆయన బల్ల వదిలి కదలడు. ఎత్తడం కుదరక ఎవడో ఒకసారి ఖాళీ కాగితం కప్పు ఆయన వైపు విసిరాడు. తర్వాతి వారం నలుగురు విసిరారు. ఆ తర్వాత అదే ఆచారమైంది. తగ్గించు అన్నప్పుడల్లా కప్పులు లేస్తాయి.

ఒక శనివారం లేచిన కప్పుల్లో ఒకదాంట్లో అడుగున పళ్లరసం మిగిలింది. దరువు దాన్ని గాల్లోనే చూసింది. అది తిరుగుతూ వెళ్లి మిక్సర్ మీద పడింది. బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి ముందు మీటలు ఒక్కొక్కటీ ఒత్తి తుడిచాడు. తర్వాత బల్ల తుడిచాడు. అన్నీ అయ్యాక కళ్లజోడు తీసి, దాని మీది చుక్కలు తుడుచుకున్నాడు. మళ్లీ చెయ్యి లేపుతాడేమోనని దరువు చూసింది. లేపలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆమెకి చేతుల్లో కర్రలు బరువెక్కాయి. అయినా ఆపలేదు. ఆ సంగతి తలుచుకునే తర్వాత ఎక్కువ బాధపడింది.

అందరూ వెళ్లాక ఎప్పట్లాగే తీగలు చుడుతున్నాడు, మోచేతికీ బొటనవేలికీ మధ్య, మెలిక పడకుండా. దరువు దగ్గరికి వెళ్లేసరికి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వచ్చే వారం నుంచి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు.

"రసం పడినందుకా బాబాయ్?"

"దానిదేముందమ్మా, తుడిస్తే పోయింది. నాకు చాలు, అంతే."

ఆమె మొహంలోకి చూడకుండా చెప్పాడు. అదే ఆమెకి గుచ్చుకుంది.

దరువు పగలు చేసేది లాండ్రీలో పని. ఆసుపత్రి దుప్పట్లు ముడతలు తీసే ఆవిరి రోలర్లోకి అంచులు సరిచేసి పట్టించడం. రోలర్ ఒక వరసలో దడదడమంటుంది, ఆమెకి డ్రమ్ములు నేర్పింది ఒక రకంగా అదే. ఆ వారం ఆమె పట్టించిన దుప్పట్లన్నీ వంకరగా బయటికొచ్చాయి. పక్కనున్న ఆవిడ రెండుసార్లు చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు తను పనిచేసే బేకరీ నుంచి జుట్టులో పిండితో సహా దిగాడు. వెనకే ఇస్త్రీ, చేతిలో జాకెట్‌తో. దరువు జాకెట్ అందుకుని, అలవాటుగా చిరుగుల మీద తడిగుడ్డ వేసి పెట్టె తిప్పుతూనే చెప్పింది, ఆ పాట ఆపేద్దామని. తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. జనం వచ్చేదే ఆ పాట కోసమన్నాడు. తన మీదా పాటుంది, తనేమైనా ఏడ్చాడా అన్నాడు.

"నిన్ను ఎత్తుకుని తిప్పారు. ఆయన మీద ఎంగిలి కప్పులు వేశారు. రెండూ ఒకటేనా?" అంది దరువు.

వాడు పిండి దులుపుకోవడంలో పడ్డాడు. ఇస్త్రీ మాత్రం పాట సంగతి తర్వాత, ముందు ఆయన పోతే ఆ చప్పుడు పోతుందని దిగులుపడ్డాడు. వాడి దిగులూ నిజమే. ఆల్బమ్‌కి పేరు తెచ్చింది మాటలొక్కటే కాదు. అందులో డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లేల మోత గాజు పగిలినట్టు చెవిలో దిగబడుతుంది. జిరాక్సు తీసి పంచుకునే వాళ్ల పత్రికలో ఎవరో రాశారు కూడా, 'మిఠాయిలో గాజుపెంకులు కలిపి పెట్టారు, వెక్కిరింపు మాటల్లోనే కాదు, మోతలోనే ఉంది' అని. అది చదివి ముగ్గురూ ముందే అనుకుని చేసినట్టు తలలూపారు. ఆ మోత మాకూ కావాలని పక్క ఊళ్ల బృందాలు బాబాయ్ కొట్టు ముందు నిలబడుతున్నాయి. ఆయన ఒక్కరికీ ఒప్పుకోవడం లేదట. పాట వల్ల మనసు విరిగిందని హాల్లో చెప్పుకుంటున్నారు.

చివరికి దరువు మాటే నెగ్గింది. ముందు వెళ్లి క్షమించమని అడగాలి, ఆయన వద్దంటే పాట ఇక పాడరు. ఇస్త్రీ జాకెట్ వేసుకుని, కాలర్ కొంచెం ముడత పడిందని గొణుక్కుంటూ వెళ్లాడు.

మర్నాడు పని అయ్యాక దరువు బాబాయ్ ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది పిన్ని, బాబాయ్ భార్య. హాలుకి ఎప్పుడూ రాలేదు గానీ, మనుషులందరి గురించీ పాటల్లోంచి తెలుసు. నువ్వేనా ఆ బాదే పిల్లవి, ఇంత సన్నగా ఉన్నావేమిటే అని నిలువునా చూసి లోపలికి పిలిచింది. పొయ్యి మీద టీకి ఈల కూసే కెటిల్ పెట్టి, ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్లింది.

వంటింటి బల్ల మీద బాబాయ్ మిక్సర్ విప్పి పెట్టుకున్నాడు. మీటలు ఊడదీసి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి సందుల్లో పట్టిన జిగురు తీస్తున్నాడు. దరువు ఎదురుగా కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఇంకో పుల్ల తీసుకుని తనూ తుడవడం మొదలుపెట్టింది.

కెటిల్ కూయడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ఇల్లంతా చీల్చేలా. బాబాయ్ తల ఎత్తలేదు. దూది మార్చి ఇంకో మీట తీసుకున్నాడు. దరువు ఆయన్ని చూసింది, పొయ్యిని చూసింది. ఎంతసేపటికీ లేవడని లేచి వెళ్లి మంట ఆర్పింది. ఆమె కదలిక చూసి ఆయన తిరిగాడు. కెటిల్ మూతి దగ్గర ఇంకా లేస్తున్న ఆవిరి చూశాడు.

"కూసిందా?" అన్నాడు.

"కూసింది బాబాయ్."

ఆయన పుల్ల కింద పెట్టాడు. దాచి ప్రయోజనం లేదనుకున్నాడో ఏమో, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. లావు గొంతులు బాగానే వినపడతాయి. సన్నవి పోయాయి. ఈలలు, కాలింగ్ బెల్లు, పిట్టలు, ఆమె పళ్లేలు. ఎప్పుడు పోయాయో తెలియలేదు, ఒకరోజులో పోయేవి కావు కదా. ఆల్బమ్ మిక్సింగ్ చేస్తున్నప్పుడు పళ్లేలు దుప్పటి కింద కొట్టినట్టు మందంగా అనిపించాయి. మైకు సరిగ్గా పెట్టలేదనుకుని పెంచాడు. చాల్లేదు, ఇంకా పెంచాడు. తనకి వినపడేదాకా పెంచుతూనే పోయాడు. మొన్న డాక్టరు దగ్గర చెవులు పరీక్ష చేయించుకున్నాక గానీ తను ఏం చేశాడో అర్థం కాలేదు.

"మీరు అంత కష్టపడి వాయించిన దాన్ని పాడుచేశానమ్మా. ఎవరో వచ్చి ఆ గాజుపెంకుల మోత మాకూ కావాలంటారు. ఏం చెప్పను? చెవిటివాడి చేతివాటం అని చెప్పనా? పొగిడితేనే నాకు మొహం చెల్లడం లేదు. కప్పులు వేస్తే వేసుకోనీ, అవి నయం."

ఆయన తమని చూసి సిగ్గుపడుతున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చింది తను, చేతులు నలుపుకుంటున్నది ఆయన. దరువుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంతలో పిన్ని బట్టల మోపుతో దిగింది. ఇద్దరి మొహాలు చూడగానే సంగతి పోల్చుకుంది. "ఈ మధ్య నువ్వు మెత్తబడ్డావే అన్నాడు నాతో. నేనెక్కడ మెత్తబడ్డానూ, అరుస్తూనే ఉన్నాను. ఆ పాటలు సరిచేస్తున్నప్పుడు పక్క గదిలో నాకు పళ్లు జివ్వుమనేవి. ఆ సంగీతమే అంతేమో అని ఊరుకున్నాను, ఇదీ నా తెలివి" అంటూ కప్పుల్లో టీ పోసింది.

దరువు అసలు అడగాల్సింది అప్పుడు అడిగింది. అందరికీ బిరడాలు పంచే మనిషి, తను ఎందుకు పెట్టుకోలేదని. బాబాయ్ అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"నేను పెట్టుకుంటే మీకేం వినపడుతోందో నాకెలా తెలుస్తుంది?"

పిన్ని టీ కప్పులు ఇద్దరి ముందుకీ జరిపింది. దరువుకి హాలు చివరి ఆ చెయ్యి గుర్తొచ్చింది, బోర్లించి మెల్లగా కిందికి దిగే చెయ్యి. ఇన్నాళ్లూ అది చాదస్తమనుకుంది. పాట కట్టింది. ఆయన చెవులు నొప్పి పుట్టినప్పుడల్లా అడిగాడు, అడిగినప్పుడల్లా ఆమె గట్టిగా బాదింది. అదీ తన చెవుల్లో ఆయనిచ్చిన బిరడాలు పెట్టుకుని.

"ఇందాక కెటిల్ నాకెందుకు వినపడింది బాబాయ్?" అంది. "మీవల్ల. మొదటి రోజు నా చేతిలో ఆ బిరడాలు కుక్కకపోతే, ఈపాటికి ఇద్దరం ఇలాగే కూర్చుని ఉండేవాళ్లం, నీళ్లన్నీ ఇగిరిపోయేవి. నేను ఇంతకాలం ఒక్కసారి కూడా మీకు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

కళ్లనీళ్లు పెట్టుకుంది. బాబాయ్ కంగారుపడి, తుడుచుకోమని స్పిరిట్ గుడ్డ ఇవ్వబోయాడు. పిన్ని లాక్కుని, ఆరిన బట్టల్లోంచి తువ్వాలు తీసిచ్చింది. ఆ మాట ఎడమ చెవి వైపు ఇంకోసారి చెప్పవే, అటు కాస్త నయం అంది. దరువు లేచి అటు వెళ్లి మళ్లీ చెప్పింది. బాబాయ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

ఆల్బమ్ గురించి ఆమె అబద్ధమాడలేదు. మోత తప్పే, కానీ ఆ తప్పు వల్లే నలుగురూ విన్నారు, కాబట్టి అందులో సగం వాటా తనకి కావాలంది, బాదింది తనే కనక. శనివారం మాత్రం రావాలి. పాటకి ముందు మైకులు సరిచూసేటప్పుడు సన్నవి తను బల్ల దగ్గర నిలబడి విని చెబుతుంది. పాట నడుస్తుండగా ఎవరు చెబుతారని బాబాయ్ అడిగాడు. ఇద్దరూ పిన్ని వైపు చూశారు.

"నా పళ్లు జివ్వుమంటే ఆయన మోచెయ్యి గిల్లుతాను. దానికేం భాగ్యం" అంది పిన్ని.

అయితే రెండు షరతులు పెట్టాడు బాబాయ్. తన చెవుల సంగతి హాల్లో ఎవరికీ చెప్పకూడదు. పాట ఆపకూడదు. దరువు ఆశ్చర్యపోతే, నసిగి నసిగి అసలు మాట బయటపెట్టాడు. ఆ ఆల్బమ్‌లో తన మీదున్నది అదొక్కటే కదా, తీసేస్తే తను ఉండడు.

శనివారం హాలు నిండింది. బల్ల వెనక ఈసారి రెండు కుర్చీలు. పిన్ని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గుమ్మం దగ్గరి గాజు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి బిరడాలు చేతిలో పెట్టి, తన కళ్లముందే పెట్టుకునేదాకా వదల్లేదు. చిరుగుల బట్టలు, ముళ్ల బెల్టులు, రంగుల జుట్లు, అందరూ ఆవిడ ముందు వరసగా తలలు వంచారు. చివరికి బాబాయ్ చెవుల్లోనూ తనే దూర్చింది. తనకీ పెట్టుకుంది. పళ్లకి బిరడాలు అక్కర్లేదుగా అంది.

పాటలు ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. పిన్ని రెండుసార్లు గిల్లింది, బాబాయ్ రెండుసార్లు మీట దించాడు. పళ్లేలు ఇత్తడి పళ్లేల్లాగే మోగాయి. గాజు ఏమైందని ముందు వరసలో పోస్ట్‌మాన్ సణిగాడు, పాత మోతే మోత అన్నాడు. ఇస్త్రీని ఎత్తి తిప్పి దించారు. జాకెట్ నలిగింది.

ఆఖరికి తమ్ముడు మైకు దగ్గరికి జరిగి, "అదిగో బాబాయ్, అరచెయ్యి బాబాయ్" అని అందుకున్నాడు. హాల్లో చేతులు లేచాయి, చేతుల్లో కప్పులు. దరువు సందులోంచి బల్ల వైపు చూసింది. బాబాయ్ తువ్వాలు తీసి మిక్సర్ మీద కప్పుతున్నాడు.

"ఏమంటున్నాడ్రా బాబాయ్?"

"తగ్గించు!"

దరువు తగ్గించింది. ముందే అనుకున్నట్టు ముగ్గురూ ఒక్కసారే తగ్గించారు. ఆమె కర్రలు ఒళ్లో పెట్టుకుని వేళ్లతో డ్రమ్ము మీద తడుతోంది. ఇస్త్రీ ఒక్క తీగ మీటుతున్నాడు. తమ్ముడు మైకు నుంచి వెనక్కి జరిగి, పసిపాపని నిద్రపుచ్చేవాడిలా పాడుతున్నాడు. మోత మాయమయ్యేసరికి హాలు అరుపు హాలుకే వినపడింది. లేచిన చేతులు లేచినట్టే ఆగాయి. ఒకటి రెండు కప్పులు సగం దారిలో నేల మీద పడి దొర్లాయి. ఆ దొర్లడం కూడా వినపడింది.

తమ్ముడు పాడుతూనే చెయ్యి ఎత్తి, అందరి తలల మీదుగా హాలు చివరికి చూపించాడు. ముందు పోస్ట్‌మాన్ వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తిరిగారు. కాసేపటికి హాలు మొత్తం వేదికకి వీపు పెట్టి, బల్ల వైపు చూస్తూ నిలబడింది. ఎవరూ దగ్గరికి వెళ్లలేదు, ఎవరూ ఎత్తలేదు. పైకెత్తిన అరచేతులు బోర్లించి, ఆయన చేసినట్టే మెల్లగా కిందికి దించారు. మళ్లీ దించారు. పాట సన్నగా సాగుతూనే ఉంది.

ఆయన మొహం ఇప్పుడు అందరూ చూస్తున్నారు. బాబాయ్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తువ్వాలు తీశాడు, మడిచాడు, మళ్లీ విప్పాడు. పిన్ని మోచెయ్యి గిల్లింది. ఈసారి గిల్లింది పళ్లు జివ్వుమని కాదు. ఆయన గొంతు సవరించుకుని, బల్ల మీది చిన్న మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"ఇప్పుడు కాస్త పెంచమ్మా," అన్నాడు.

హాలంతా నవ్వింది. దరువు కర్రలు చేతిలోకి తీసుకుంది. ఎదురుగా పిన్ని ఆయన చెవుల్లో బిరడాలు బొటనవేళ్లతో ఇంకాస్త లోపలికి నొక్కి, ఇక కానీ అన్నట్టు చెయ్యి ఊపింది. దరువు ఆయన వైపే చూస్తూ ఇత్తడి పళ్లెం మీద మొదటి దెబ్బ వేసింది.